ఆల్మా ఏరి ఇచ్చిన ఏడు పుస్తకాలు

టీవీలో ఎవరో మనసుతోనే చెంచా వంచి మూడేళ్లయింది. అప్పటి నుంచీ ఆల్మా థ్రెల్‌ఫాల్‌కి మనశ్శాంతి లేదు. బ్లాక్‌పూల్‌లో, సముద్రం ఒడ్డు రోడ్డుకి రెండు సందులు వెనక, ఊలు అమ్మే దుకాణం పై గదిలో ఆమె పాత పుస్తకాల కొట్టు. అందరూ చదివే పుస్తకాలు కావు. వేదికెక్కి ఎదుటివాళ్ల మనసు చదివేవాళ్లు, కళ్లకు గంతలు కట్టుకుని జనం జేబుల్లో ఏముందో చెప్పేవాళ్లు, ముట్టుకోకుండా గ్లాసు జరిపేవాళ్లు, అలాంటివాళ్లు కొనుక్కునే పుస్తకాలు. ఒకప్పుడు ఆమె ఖాతాదార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు బ్యాంకు గుమాస్తా, మాంసం కొట్టువాడు, స్కూలు మాస్టారు, అందరూ మెట్లెక్కి వస్తున్నారు. అందరికీ మనసుతో వస్తువులు కదిలించే పుస్తకమే కావాలి.

"ఏదన్నా మంచిది ఇవ్వండి" అంటారు. అక్కడే ఆమె తలప్రాణం తోకకొచ్చేది. మంచిది ఉంటే కదా ఇవ్వడానికి.

అన్నీ ఆమె చదివింది. వద్దనుకున్నా చదివింది. తలుపుకి ఎడమవైపు గోడ నిండా నమ్మేవాళ్లు రాసినవి: ఎక్కడో రష్యాలో ఒక ఇల్లాలు అగ్గిపెట్టెను చూపుతో జరిపిందని ఒకడు రాస్తే, దాన్ని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు. నాలుగో పుస్తకానికొచ్చేసరికి అగ్గిపెట్టె కాస్తా బీరువా అయి కూర్చుంటుంది. కుడివైపు గోడకి వేదికెక్కే వృత్తివాళ్లు రాసిన పల్చటి పుస్తకాలు: దారం ఎక్కడ కట్టాలి, అయస్కాంతం ఎక్కడ దాచాలి, చెంచా కాడను ముందే ఎన్నిసార్లు వంచి పెట్టుకోవాలి. రెండూ దండగే అంటుంది ఆల్మా. మొదటి రకం చదివితే బుర్ర పాడవుతుంది. రెండో రకం చదివితే చేతులకి పని దొరుకుతుంది కానీ, చూసేవాడు నమ్మడు.

పనికొచ్చేవి ఆమె కుర్చీ వెనక ఒకే ఒక్క అరలో ఉన్నాయి. నలభై కూడా ఉండవు. ఇవి ఎవరో నిజాయితీపరులు, వస్తువులు కదిలిస్తామన్నవాళ్ల పక్కన గదిలో కూర్చుని, కళ్లతో చూసింది చూసినట్టు రాసిపెట్టినవి. ఎవరు తుమ్మారో, ఎవరు నిద్రపోయారో, ఏ రోజు ఏమీ జరగలేదో కూడా రాశారు. వాటిలో ఒకటి యార్క్‌షైర్ చర్చి ఫాదరీ రాసింది. నలభై ఒక్కసార్లు కూర్చుంటే ముప్పై ఎనిమిదిసార్లు ఏమీ జరగలేదు. ఆ ముప్పై ఎనిమిదే ప్రదర్శకుడికి పాఠం అనేవాడు ఆమె భర్త లియోనార్డ్. నిజంగా శక్తి ఉన్న మనిషి ఎలా ఓడిపోతాడో నేర్చుకో, గెలవడం ఎవడికైనా వస్తుంది అనేవాడు. లియోనార్డ్ పోయి ఆరేళ్లయింది. అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్లు వాళ్లిద్దరిదీ ఒకే ప్రదర్శన. ఆమె వేదిక మీద గంతలతో కూర్చునేది, అతను జనం మధ్య తిరుగుతూ ఎవరి గడియారమో ఉంగరమో పట్టుకుని "ఇదేంటి ఆల్మా?" అనేవాడు. అడిగే తీరులోనే జవాబుండేది.

కొట్టుకి లియోనార్డ్ పెట్టిన నియమం ఒకటుంది. ట్రిక్కు అన్న మాట వినపడకూడదు. వృత్తిలో ఉన్నవాడు ఆ మాట అనడు. "పని" అంటాడు. కొందరైతే కట్టుకున్న పెళ్లాం దగ్గర కూడా "నాకున్న ఈ శక్తి" అనే మాట్లాడతారు. రంగు తుడిచినా వేషం విప్పరు. "ఈ ట్రిక్కు ఎలా చేయాలండీ" అని అడిగాడంటే వాడు నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాడు, వాణ్ణి కుడి గోడ దగ్గరకి తోలేయొచ్చు. ఎంత చేయి తిరిగినవాడైతే అంత అమాయకంగా మాట్లాడతాడు. ఈ లెక్క ఆల్మాకి ఒంటబట్టిపోయింది. దీనితోనే ఆమె మనుషుల్ని తూచేది, ఎప్పుడూ తప్పలేదు కూడా.

పోయిన జూన్‌లో క్లిఫర్డ్ ఎకర్స్‌లీ వచ్చినప్పుడు కూడా ఆ లెక్కతోనే తూచింది.

అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన కోటు, పొట్టిగా కత్తిరించిన గోళ్లు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ట్రిక్కుల పుస్తకాలు వద్దండి" అన్నాడు. "అవి నాకు అక్కర్లేదు. నిజంగా ఎలా జరుగుతుందో రాసినవి ఏమన్నా ఉన్నాయా?"

ఆల్మా కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఎన్నేళ్లయింది ఇలాంటి మాట విని. చెంచాల గోల మొదలయ్యాక కొట్టుకొచ్చిన వాళ్లలో పనితనం ఉన్నవాడు ఇతనొక్కడే అనుకుంది.

"మీరే చేస్తారా?" అని అడిగింది.

"కాదండి. మా ఆవిడ చేస్తుంది. నేను పక్కన కూర్చుంటాను."

"ఆవిడ మాట్లాడతారా, మధ్యలో?"

"మాట్లాడదండి" అన్నాడు ఎకర్స్‌లీ. "అస్సలు మాట్లాడదు."

"మంచి పద్ధతి" అంది ఆల్మా. "నోరు విప్పని మనిషినే ఎక్కువ నమ్ముతారు. ఎక్కడ చేస్తున్నారు?"

"ఇంట్లోనే. ఇంకా ఎవరికీ చూపించలేదు. అయ్యాక చూపిద్దామని."

ఇంట్లో ఏళ్ల తరబడి సాధన చేసి, పూర్తిగా కుదిరాకే బయటికి రావడం. లియోనార్డ్ బతికుంటే ఈయన్ని కౌగిలించుకునేవాడు. ఆల్మా వెనక్కి తిరిగి, తన అరలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చింది. ఆ అరలోంచి పుస్తకం తీసి రెండేళ్లు దాటింది.

అది మొదలు నెలకోసారి వచ్చేవాడు. చదివిన పుస్తకంలో సందేహాలు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకొచ్చేవాడు. తెలివైన సందేహాలు. కదపడానికి దిక్సూచి ముల్లు మంచిదా, అగ్గిపుల్ల మంచిదా. గాజు మూత పెట్టాలా. కిటికీ మూయాలా. ఆమె టీ పెట్టి, తీరిగ్గా కూర్చుని, తనకు తెలిసిందంతా చెప్పేది. ముల్లు మంచిది, వెంట్రుకవాసి కదిలినా తెలుస్తుంది అంది. గాజు మూత ఉంటే గాలికి కదిలిందన్న మాట రాదు అంది. ఆ సంభాషణల కోసం ఆమె ఎదురుచూసేది. నెల మొదట్లో బిస్కెట్లు కూడా తెచ్చిపెట్టేది.

"మూడు వారాలైంది, ముల్లు కదల్లేదండి" అన్నాడు ఒకసారి, ఆగస్టులో.

"కదలకూడదు కూడా" అంది ఆల్మా. "మొదటి రోజే కదిలితే ఎవరు నమ్ముతారు ఎకర్స్‌లీ గారూ? నెలలు పట్టాలి. విసుగు పుట్టాలి."

"అంతేనంటారా?"

"అంతే. ఇంకో సంగతి చెప్తాను రాసుకోండి. ఆవిడ కష్టపడాలి. ముఖం వాడిపోవాలి, చెమట పట్టాలి. హాయిగా కూర్చున్న మనిషి దగ్గర ఏదీ జరగదు. ఆవిడ బాగా అలిసిపోయి, ఇక నావల్ల కాదు అన్నప్పుడు, సరిగ్గా అప్పుడు కదలాలి. నేను ప్రతి రాత్రీ వేదిక దిగేసరికి నిలబడలేనట్టు ఉండేదాన్ని. అదే చూడ్డానికి జనం వచ్చేది."

ఎకర్స్‌లీ "అలిసిపోయినప్పుడే" అని రాసుకుని, ఆ మాట కింద రెండుసార్లు గీత గీశాడు.

జనవరికల్లా ఆరు పుస్తకాలయ్యాయి. ఫిబ్రవరి మొదటి వారంలో ఏడోది, ఫాదరీ పుస్తకం, ఇచ్చింది. లియోనార్డ్ సొంత ప్రతి. పక్కన పెన్సిల్‌తో అతని రాతలున్నాయి. అది ఎవరికీ అమ్మనని ఎంతోమందికి చెప్పిన మనిషి, అడగకుండానే కాగితం చుట్టి చేతిలో పెట్టింది. మెట్లు దిగుతున్న ఎకర్స్‌లీ టోపీ చూస్తూ, ఆ భార్యాభర్తల ప్రదర్శనకి ముందు వరసలో కూర్చుని చూడాలనుకుంది. ఇక తనకి మిగిలిన ముచ్చట అదొక్కటే.

ఆ తర్వాతి వారం ఇంద్రజాలికుల సభలు. ప్రతి ఫిబ్రవరిలోనూ ఊళ్లో బోర్డింగ్ హౌసులన్నీ వాళ్లతోనే నిండుతాయి. సభల్లో సాయంత్రం ప్రదర్శనల ఏర్పాట్లు చూసుకునేది డెస్మండ్ పిల్లింగ్. లియోనార్డ్ కాలం నుంచీ స్నేహితుడు, జుట్టుకి బూటు పాలిష్ లాంటి నల్లరంగు వేస్తాడు, తనకు తప్ప ఎవరికీ తెలియదనుకుంటాడు. శుక్రవారం పొద్దున చలికి వణుకుతూ మెట్లెక్కి వచ్చి గ్యాస్ పొయ్యి ముందు కూర్చున్నాడు.

"టీ ఉందా, లేక నా మనసు చదివి పెడతావా?"

"నీ మనసులో చదవడానికి ఏముంది, బొమ్మల పుస్తకం" అంది ఆల్మా, కెటిల్ పెడుతూ. "డెస్మండ్, వచ్చే ఏడాది సభల్లో ఒక జంటకి పది నిమిషాలు ఇవ్వాలి నువ్వు. ఇప్పుడే పేరు రాసుకో. క్లిఫర్డ్ ఎకర్స్‌లీ, ఆయన భార్య. దిక్సూచి ముల్లు పని. ఎనిమిది నెలల నుంచి తయారవుతున్నారు."

"ఎకర్స్‌లీ? ఏ క్లబ్బు?"

"ఏ క్లబ్బూ కాదు. ఇంట్లోనే చేసుకుంటారు."

డెస్మండ్ పొయ్యి మీంచి చేతులు వెనక్కి తీశాడు. "లేటన్ పేటలో ఉంటాడా? ట్రాముల షెడ్డులో కరెంటు పని చేసి రిటైరయ్యాడు?"

"ఏం పని చేసేవాడో నేనెప్పుడూ అడగలేదు. లేటనే."

"మా మరదలు ఇళ్లకి తిరిగే నర్సు కదా. ఆ పేరు ఎత్తి రోజూ తిడుతుంది. ఆయన భార్యకి పక్షవాతం, ఆల్మా. పద్నాలుగు నెలలైంది. కాళ్లూ చేతులూ పోయాయి, మాట పోయింది. కళ్లు కదుపుతుంది, ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వేస్తుందట, చెంచాతో పెడితే మింగుతుంది, అంతే. ఈయన మంచం మీదకి బల్ల జరిపి, దాని మీద దిక్సూచి పెట్టి, మనసుతో కదుపు కదుపు అని రోజుకి మూడు గంటలు కూర్చోబెడతాడట. మధ్యాహ్నం ఆమెని కాస్త నిద్రపోనివ్వండి మహాప్రభో అని మా మరదలు మొత్తుకుంటోంది. ఆయన వినడు. అలిసిపోయినప్పుడే కదులుతుంది, తెలిసినవాళ్లు చెప్పారు అంటాడట."

కెటిల్ కూత పెట్టింది. ఆల్మా కదల్లేదు. డెస్మండే లేచి పొయ్యి ఆర్పాడు.

"ఏమైంది నీకు?"

"తెలిసినవాళ్లు నేనే" అంది ఆల్మా.

డెస్మండ్ రెండు కప్పుల్లో టీ పోశాడు. తర్వాత నచ్చజెప్పబోయాడు. "నీకేం తెలుసు? నువ్వు వృత్తివాడనుకున్నావు. మనం ఎవరినీ నమ్మమని బలవంతపెట్టలేదు."

"మనం చేసేది అదొక్కటే, డెస్మండ్. నమ్మించడం. ఇన్నేళ్లు ఇంకేం చేశాం మనం?"

"సరే, అయితే వెళ్లి ఒక్కసారి ముల్లు కదిపి రా. మోకాలికి అయస్కాంతం కట్టుకుంటే అయిపోయె. ఆయన సంతోషిస్తాడు, ఆమె సంతోషిస్తుంది, ఎవరికి నష్టం?"

"ఒకసారి కదిలితే రేపు మళ్లీ కదలాలి. రేపు ఎవరు కదుపుతారు, నువ్వు వెళ్తావా?"

డెస్మండ్ లేచి కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ రాత్రంతా ఆల్మాకి కంటి మీద కునుకు లేదు. మర్నాడు శనివారం. కొట్టు తెరవకుండా, భోజనం కాగానే బయల్దేరింది. బయల్దేరే ముందు సొరుగులోంచి లియోనార్డ్ అయస్కాంతం తీసింది. బొటనవేలంత ఉంటుంది, పాత మేజోడు ముక్కలో కుట్టి ఉంది. వెళ్లి నిజం చెప్పేయాలని నిశ్చయించుకున్న మనిషికి అయస్కాంతం ఎందుకో ఆమెకే తెలియదు. ఎలాస్టిక్ పట్టీతో మోకాలి పైన కట్టుకుని, స్కర్టు దించుకుని, బస్సెక్కింది. ఇంత వయసొచ్చి, ఒక జబ్బు మనిషిని చూడ్డానికి ఇలా వెళ్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎకర్స్‌లీ తలుపు తీశాడు. ఆమెను చూడగానే ఆయన ముఖం విప్పారింది. "రండి, రండి. మీరు వస్తారని అనుకోలేదు. మేవిస్, ఎవరొచ్చారో చూడు. నేను చెప్తానే, మిసెస్ థ్రెల్‌ఫాల్ గారు."

ముందు గదిలోనే మంచం వేశారు. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఆమె జుట్టు కూడా పాపిడి తీసి దువ్వి ఉంది. ఇదంతా ఎకర్స్‌లీ శ్రద్ధే. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలివ్వని మనిషి. మేవిస్ ఎకర్స్‌లీ దిండ్లకి ఆనుకుని ఉంది. ముఖం పాలిపోయి, కళ్ల కింద నల్లగా ఉంది. ఆమె ముందు చక్రాల బల్ల, బల్ల మీద చీజ్ మూసే గాజు మూత, దాని కింద ఇత్తడి దిక్సూచి. పక్కన కుర్చీలో ఆల్మా ఇచ్చిన ఏడు పుస్తకాలు, ఒక్కోదాంట్లో పదేసి కాగితపు ముక్కలు గుర్తుగా పెట్టి ఉన్నాయి.

"రెండు నుంచి ఐదు దాకా కూర్చుంటాం" అన్నాడు ఎకర్స్‌లీ. నోటుపుస్తకం చూపించాడు. తేదీలు, వేళలు, కిటికీ మూసి ఉందా, ఎంత చలి. ఆఖరి వరసలో ప్రతి రోజూ ఒకటే మాట: లేదు. "రెండొందల పదకొండుసార్లు. ఫాదరీకి ముప్పై ఎనిమిదిసార్లు జరగలేదు, మాకు రెండొందల పదకొండు. ఆమె చేతులు కదలవు కదండీ, అందుకని ఆ బలమంతా లోపలే ఉండిపోయి ఉంటుంది. ఎటో ఒక దారి దొరకాలి దానికి. అంతే కదా?"

"టీ ఇస్తారా?" అంది ఆల్మా.

ఆయన వంటింట్లోకి వెళ్లాడు. కప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆల్మా కుర్చీ మంచం దగ్గరకి జరుపుకుంది.

"మేవిస్ గారూ, మీకు ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వేస్తారని నర్సు చెప్పిందట. నాతోనూ అలా మాట్లాడతారా?"

ఒకసారి.

"ఇది కదులుతుందని మీరు నమ్ముతున్నారా?"

రెండుసార్లు. వెంటనే, తడబాటు లేకుండా.

"అలిసిపోయారా?"

ఒకసారి. రెప్ప దించి, చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక చూపు వంటింటి తలుపు వైపు వెళ్లింది.

"ఆయనకి నిజం చెప్పేయమంటారా?"

మేవిస్ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఒకసారీ వేయలేదు, రెండుసార్లూ వేయలేదు. ఆ భారం మాత్రం నా మీద పెట్టకు అన్నట్టు చూసింది. ఈలోగా ఎకర్స్‌లీ ట్రే పట్టుకుని వచ్చాడు, అల్లం కేకు కూడా కోసి తెచ్చాడు.

ఆల్మా కప్పు అందుకుని ముట్టుకోకుండా బల్ల చివర పెట్టింది. "ఎకర్స్‌లీ గారూ, నేను చెప్పేది కూర్చుని వినండి. నాదొక పెద్ద పొరపాటు. మీరు ప్రదర్శనలిచ్చే మనిషి అనుకున్నాను. నేను చెప్పినవన్నీ వేదిక కోసం. ఆవిడ అలిసిపోవాలి అంటే అలిసిపోయినట్టు కనిపించాలని. కదలాలి అంటే మీరు కదపాలని. ఈ ముల్లు మనసుతో కదలదు. ఎవరికీ, ఎప్పుడూ కదల్లేదు. ఆ పుస్తకాల్లో వాళ్లకి కూడా."

ఆయన చిరునవ్వు నవ్వాడు. చిన్నపిల్లల అబద్ధాన్ని పట్టుకున్నవాళ్లు నవ్వే నవ్వు. "మూడో పుస్తకంలో ఉంది ఇది. నేర్పినవాళ్లే వచ్చి, ఇదంతా ఒట్టిదే, వదిలెయ్ అంటారు. వదిలేస్తామా లేదా అని చూడ్డానికి. మేం వదలమండి."

"నేను పరీక్ష పెట్టడం లేదు."

"పెట్టడం లేదనే అంటారు మరి" అన్నాడు ఎకర్స్‌లీ, కేకు ముక్క ఆమె వైపు జరుపుతూ.

ఆల్మా ఆ ఏడు పుస్తకాల వైపు చూసింది. ఎన్ని మాటలు చెప్పినా ఈయన దగ్గర వాటికి జవాబుగా ఒక పేజీ ఉంటుంది, ఆ పేజీ కూడా తను ఇచ్చిందే. ఇక మాటలతో అయ్యేది కాదని తేలిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకుని, మోకాలు బల్ల కిందకి పోనిచ్చి, లియోనార్డ్ ఒకప్పుడు నేర్పినట్టే, నడుం పైన ఏమీ కదలకుండా, మడమ రెండంగుళాలు ఎత్తింది.

గాజు మూత కింద ముల్లు వణికింది. వణికి, మెల్లగా తిరిగి, మంచం వైపు చూపిస్తూ ఆగింది.

ఎకర్స్‌లీ చేతిలో కప్పు కింద పెట్టడం కూడా తెలియక, అలాగే పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మేవిస్" అన్నాడు చాలా చిన్నగా. "నువ్వే. చూశావా, నువ్వే చేశావు."

ఆల్మా మేవిస్ ముఖం చూసింది. నమ్మనని అంత గట్టిగా చెప్పిన మనిషి కళ్లు ముల్లు మీదే ఉన్నాయి, పెద్దవై, నీళ్లు నిండి. పెదవి ఒక చివర పైకి లాగడానికి ప్రయత్నిస్తోంది. తను కదిపిందనే అనుకుంది. పద్నాలుగు నెలల తర్వాత ఈ లోకంలో ఒక వస్తువు తన మాట విని కదిలిందనుకుంది. ఇరవై తొమ్మిదేళ్లు గంతలు కట్టుకుని కూర్చున్న ఆల్మా, సరిగ్గా ఆ క్షణంలో ఎదుటి మనిషి ముఖం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. చూశాక, నోరు మూసుకుని లేచి వెళ్లిపోదామని మనసు పీకింది. వెళ్లిపోతే ఈ ఇంట్లో రెండొందలు కాదు, రెండువేల మధ్యాహ్నాలు ఇలాగే గడుస్తాయి.

"నేను కదిపాను" అంది.

ఆయన వినిపించుకోలేదు.

"ఎకర్స్‌లీ గారూ, ఇటు చూడండి. నేను కదిపాను." ఆమె కుర్చీ వెనక్కి జరిపి, పరాయి మగవాడి ముందు స్కర్టు మోకాలి పైదాకా ఎత్తింది. ఎలాస్టిక్ పట్టీ, మేజోడు ముక్క, నరాలు తేలిన ముసలి కాలు. పట్టీ లాగేసి అయస్కాంతాన్ని బల్ల మీద, గాజు మూత పక్కనే పెట్టింది. ముల్లు గిర్రున దాని వైపు తిరిగి అతుక్కుపోయినట్టు నిలబడింది. కుడికి జరిపితే కుడికి, ఎడమకి జరిపితే ఎడమకి.

ఎకర్స్‌లీ అయస్కాంతాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, గుడ్డ మీంచే గోటితో గీకి చూశాడు.

"ట్రాముల షెడ్డులో ముప్పై నాలుగేళ్లు ఇలాంటివాటితోనే పని చేశాను" అన్నాడు. "ఒక్కసారి కూడా నాకు తట్టలేదు." దాన్ని అరచేతిలో తిప్పుతూ, "జూన్‌లోనే చెప్పి ఉండొచ్చు కదండీ" అన్నాడు.

"మీకు తెలుసనుకున్నాను."

"నాకెలా తెలుస్తుంది? నేను మిమ్మల్ని నమ్మాను."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని ఆల్మాకి అనిపించింది. క్షమించమని అడగబోయింది. అడిగితే ఆయన ఫర్వాలేదనే మర్యాదస్తుడు. అందుకని అడగలేదు.

ఎకర్స్‌లీ భార్య వైపు తిరగలేదు. అయస్కాంతాన్నే చూస్తూ, గొంతు తగ్గించి, "ఆమె ముఖం చూశారా మీరు?" అన్నాడు.

"చూశాను."

"పెద్దాసుపత్రిలో డాక్టర్లు ఆ పెదవి ఇక కదలదన్నారు." అయస్కాంతాన్ని ఆల్మా చేతిలో పెట్టి, ఆమె వేళ్లు మూశాడు. "మళ్లీ కట్టుకోండి. ఇంకొక్కసారి. ఎవరు కదిపితే ఏంటి, ఆమెకి తెలిసినా ఫర్వాలేదు. వారానికోసారి వచ్చి చేయండి. టీ ఇస్తాను, బస్సు దాకా దిగబెడతాను. ఇంకొక్కసారి ఆమె ముఖం అలా చూడనివ్వండి నన్ను."

ఆల్మా మేవిస్ వైపు వంగింది.

"మేవిస్ గారూ, మళ్లీ చేయమంటారా?"

మేవిస్ కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు. రెండుసార్లు రెప్ప వేసింది.

"సరిగ్గా చూడలేదు మీరు" అన్నాడు ఎకర్స్‌లీ. మంచం అవతలి వైపుకి వచ్చి, ఆమె ముఖానికి ఎదురుగా వంగాడు. "మేవిస్, నేను అడుగుతున్నాను. ఇంకొక్కసారి చేద్దామా?"

ఆమె భర్తను చూసింది. రెప్ప వేసింది, ఆగింది, ఆయన ఎక్కడ లెక్క తప్పుతాడో అన్నట్టు నిదానంగా రెండోసారి వేసింది. ఆ ప్రశ్న ఆమెను ఆయన అడగడం రెండొందల పదకొండు మధ్యాహ్నాల్లో అదే మొదటిసారి.

ఎకర్స్‌లీ చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, గాజు మూత ఒక చేత్తో, దిక్సూచి ఒక చేత్తో ఎత్తి, తుంటితో చక్రాల బల్లను పక్కకి నెట్టాడు. దుప్పటి మీద బల్ల నీడ పోయి కిటికీ వెలుతురు పడింది. ఆల్మా దిండు ఒకటి కిందకి లాగి, మేవిస్ తల వాల్చింది.

"ఐదింటిదాకా ఇంకా గంటన్నర ఉంది" అన్నాడు ఆయన, రెండు చేతుల్లోనూ సామానుతో, ఎక్కడ పెట్టాలో తెలియక గది మధ్యలో నిలబడి. "నేనేం చేయను?"

ఎనిమిది నెలలుగా ఈయన ఏ సందేహంతో వచ్చినా ఆల్మా వెనక్కి తిరిగి, అరలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చింది.

"నాకు తెలీదు ఎకర్స్‌లీ గారూ" అంది.

మేవిస్ అప్పటికే నిద్రపోయింది.